కూలిన ఇళ్ళు, కలిసిన చేతులు: ప్రకృతి వైపరీత్యాల అనంతరం గృహ పునర్నిర్మాణంలో ధార్మిక సేవకుల పాత్ర

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నది మన సామెత. సామాన్య కుటుంబానికి జీవితకాలంలో ఒక్కసారి మాత్రమే సాధ్యమయ్యే కార్యాలలో గృహనిర్మాణం ఒకటి. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో, బంధువుల చేయూతతో కట్టుకున్న అటువంటి ఇల్లు భూకంపంలో కొన్ని క్షణాలలోనో, ఉప్పెనలో ఒక్క రాత్రిలోనో నేలమట్టమైనప్పుడు, ఆ కుటుంబం కోల్పోయేదేమిటో లెక్కవేయడం అంత తేలిక కాదు.

హిందీ భాషలో ఇంటికి రెండు మాటలున్నాయి. ‘మకాన్’ అంటే కట్టడం. ‘ఘర్’ అంటే మనుషులు కాపురముండే చోటు. మకాన్‌కు ఇటుకలు, సిమెంటు, కూలి కలిపి ఖరీదు కట్టవచ్చు. ఘర్‌లో ఇరుగుపొరుగు, పశువుల పాక, వాకిట్లో వేపచెట్టు, పొలానికో సముద్రానికో పోయే దారి, పూర్వులు విడిచిపోయిన జ్ఞాపకాలు అన్నీ చేరుతాయి. తెలుగులో ‘ఇల్లు’ అనే ఒక్క మాటే ఈ రెండు అర్థాల బరువును మోస్తున్నది. వైపరీత్యాల అనంతరం సహాయానికి వచ్చేవారు మకాన్‌లు కట్టి ఇవ్వగలరు. అవి ఘర్‌లుగా మారేది ఎప్పుడు, మారనిది ఎందుచేత అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న.

మన దేశంలో ఈ సహాయానికి ముందుగా చేరుకొనేవారిలో ధార్మిక సంస్థల సేవకులు ఎప్పుడూ ఉంటున్నారు. మఠాలు, చర్చిలు, మసీదులు, గురుద్వారాలు, ఆశ్రమాలు పంపిన కార్యకర్తలు శవాలను వెలికితీసినచోట, అన్నం వండినచోట, తరువాత గోడలు లేపినచోట కూడా కనిపిస్తారు. వారి కృషిలోని బలమేమిటి, ప్రమాదమేమిటి అన్న విషయాన్ని గత తొంబై ఏళ్ళలో జరిగిన కొన్ని ఘట్టాల ఆధారంగా తెలుసుకుందాం.

సేవాభావానికి మూలాలు

నిరాశ్రయునికి నీడ కల్పించడాన్ని ప్రతి మతమూ పుణ్యకార్యంగానే ఎంచింది. హిందూ సంప్రదాయంలో దానధర్మాలు, ఇస్లాంలో జకాత్, సదఖాలు, క్రైస్తవంలో పొరుగువానిని ప్రేమించాలన్న ఆదేశం, బౌద్ధంలో మైత్రీ కరుణలు ఇందుకు ప్రేరణలు. సిక్కులు ‘కార్‌సేవ’ అంటారు. ప్రతిఫలం ఆశించక, చేతులారా చేసే శ్రమ అని దాని భావం. వినోబాభావే ఉద్యమకాలంలో ‘శ్రమదానం’ అన్న మాట దేశమంతటా వ్యాపించింది. పేర్లు వేరైనా, ధనమిచ్చి ఊరుకోక ఒంటి చెమటనుకూడా అర్పించాలన్న భావం వీటిలో సమానంగా ఉన్నది.

ఈ భావం ఆధునిక సంస్థగా రూపొందడానికి 1897 ఒక గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆ ఏడు మే 1న స్వామి వివేకానంద రామకృష్ణ మిషన్‌ను స్థాపించారు. అదే సంవత్సరం బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లాలో కరువు పీడితులను ఆదుకోవడానికి స్వామి అఖండానంద మహుల గ్రామంలో సహాయకార్యం ప్రారంభించారు. అనాథ బాలలకు ఆశ్రయం కల్పించే ఆలోచన వచ్చినప్పుడు, ముస్లిం బాలురనుకూడా చేర్చుకొమ్మనీ, వారి మతం జోలికి పోవద్దనీ వివేకానంద ఆయనకు వ్రాశారు. సన్యాసి చేసే సేవకు అర్హత ఆకలే కాని మతం కాదన్న నియమం ఆనాడే ఏర్పడింది. ఈ నియమం ఎంత సరళమో, దానిని పాటించడం ఎంత కష్టమో తరువాతి చరిత్ర చెబుతుంది.

1934: బీహారు నేర్పిన పాఠాలు

1934 జనవరి 15 మధ్యాహ్నం రెండు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు ఉత్తర బీహారు, నేపాల్ ప్రాంతాలను మహాభూకంపం కుదిపివేసింది. దాని తీవ్రత సుమారు 8.0 అని శాస్త్రజ్ఞుల అంచనా. ముంగేర్, ముజఫర్‌పూర్ పట్టణాలు శిథిలాలయ్యాయి. నేపాల్‌లో ఖాట్మండు లోయ తీవ్రంగా దెబ్బతిన్నది. రెండు దేశాలలోనూ కలిపి పదివేల మందికి పైగా మరణించారు. భూమి పగుళ్ళనుండి నీరు, ఇసుక పైకి ఎగజిమ్మి పొలాలను కప్పివేశాయి. బావులు ఇసుకతో పూడిపోయాయి. విశాలమైన ప్రాంతంలో నేల మెత్తబడి, గోడలు పడకుండానే ఇళ్ళు ఒరిగి కుంగిపోయాయి.

అప్పటికి రాజేంద్రప్రసాద్ కారాగారంలో ఉన్నారు. విడుదలైన వెంటనే, అనారోగ్యాన్ని లెక్కచేయక, ఆయన సహాయ సంఘాన్ని నెలకొల్పి నిధుల సేకరణకు పూనుకున్నారు. బీహారు కేంద్ర సహాయ సంఘమనే పేరుతో పనిచేసిన ఆ సంస్థకు దేశం నలుమూలల నుండి విరాళాలు వచ్చాయి. శాసనోల్లంఘన ఉద్యమపు వేడి ఇంకా చల్లారని ఆ రోజులలో, సహాయకార్యం మటుకు ప్రభుత్వంతో సహకరించి చేయాలని మార్చి నెలలో గాంధీజీ సూచించగా సంఘం అంగీకరించింది. రాజకీయంగా ఎదురెదురుగా నిలిచిన ఉభయులు, ఇల్లు లేనివాని విషయంలో ఒకటి కావచ్చునని ఈ నిర్ణయం చూపింది.

విశ్వాసానికీ, వైపరీత్యానికీ మధ్య సంబంధమేమిటన్న గొప్ప చర్చకూడా ఆ భూకంపం సందర్భంలోనే జరిగింది. దక్షిణాదిలో హరిజన యాత్ర చేస్తున్న గాంధీజీ, ఈ భూకంపం అస్పృశ్యతా పాపానికి దైవం విధించిన శిక్ష అని నమ్ముతున్నట్లు ప్రకటించారు. అస్పృశ్యతను గాంధీజీతో సమానంగా నిరసించే రవీంద్రనాథ్ ఠాకూర్ ఈ మాటను అంగీకరించలేకపోయారు. భౌతికమైన ఉత్పాతాలకు భౌతికమైన కారణాలే ఉంటాయనీ, నైతిక సూత్రాలను ప్రకృతి ఘటనలకు ముడిపెడితే ప్రజలలో అవివేకం పెరుగుతుందనీ ఆయన వాదించారు. ఆ విమర్శను గాంధీజీ తన ‘హరిజన్’ పత్రికలోనే తన సమాధానంతోపాటు ప్రచురించారు. ఈ వాదంలో శాస్త్రం ఠాకూర్ పక్షాన ఉన్నది. భూగర్భంలోని శిలాఫలకాల ఒత్తిడికి ఎవరి పాపపుణ్యాలతోనూ సంబంధం లేదు. అయినా సహాయరంగంలో పనిచేసే ప్రతి విశ్వాసికీ ఈ చర్చ నేటికీ అవసరమే. బాధితుణ్ణి పాపిగా చూసే దృష్టి సేవలో ప్రవేశిస్తే, ఇచ్చేవానికి అహంకారమూ, పుచ్చుకొనేవానికి అవమానమూ మిగులుతాయి. దైవం ఎందుకు ఇలా చేశాడన్న ప్రశ్నకు సమాధానం వెదకడంకన్న, నేనిప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు సమాధానం చెప్పడమే సేవకుని ధర్మం.

ఆ ధర్మాన్ని లెక్కల పుస్తకంలో పాటించిన వ్యక్తి జె. సి. కుమారప్ప. తంజావూరు క్రైస్తవ కుటుంబంలో జన్మించి, లండన్‌లో గణకశాస్త్రం అభ్యసించిన ఆయన, సహాయ సంఘం ఆర్థిక వ్యవహారాలను చక్కబెట్టే బాధ్యత వహించారు. ప్రతి పైసాకూ రసీదు, ప్రతి కార్యకర్తకూ దినభత్యంపై పరిమితి ఆయన నియమాలు. గాంధీజీ, ఆయన పరివారం పర్యటనకు వచ్చినప్పుడు వారి ఖర్చులనుసైతం పీడితుల నిధినుండి చెల్లించడానికి ఆయన ఒప్పుకోలేదు. గాంధీజీ దీనికి నొచ్చుకోలేదు. ఇతరుల కోసం ఇచ్చిన సొమ్ము పవిత్రమైనదన్న మాట ప్రసంగాలలో వినడం సులభం. దానిని తన గురువు విషయంలోనే అమలు జరపడం ఎంతటి నిష్ఠ!

పియర్ సెరెసోల్: కొండలు దాటి వచ్చిన ఇంజనీరు

బీహారు పునర్నిర్మాణంలో పాల్గొన్నవారిలో ఒక విదేశీయుని కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పియర్ సెరెసోల్ స్విట్జర్లాండు దేశస్థుడు. ఆయన తండ్రి 1873లో ఆ దేశాధ్యక్షుడు. స్వయంగా ఇంజనీరింగ్ చదివిన సెరెసోల్, యుద్ధం క్రీస్తు బోధకు విరుద్ధమని నమ్మి, సైనిక పన్ను చెల్లించడానికి నిరాకరించి శిక్ష అనుభవించాడు. తరువాతి కాలంలో ఆయన క్వేకరు సమాజంలో చేరాడు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1920లో ఆయన కొద్దిమంది మిత్రులతో ఫ్రాన్సులోని వెర్డూన్ సమీపాన ఉన్న ఎస్న్ అనే ధ్వంసమైన గ్రామానికి వెళ్ళి ఇళ్ళు పునర్నిర్మించడానికి పూనుకున్నాడు. ఆ మిత్రులలో జర్మన్లుకూడా ఉన్నారు. నిన్నటిదాకా శత్రువు అనిపించుకున్నవాడు పార పట్టుకొని వచ్చి కూలిన గోడను మళ్ళీ లేపడానికి సిద్ధపడ్డాడన్నమాట. ఆ శిబిరం ఎక్కువ కాలం సాగలేదు. జర్మన్ల ఉనికిని సహించలేని స్థానిక వ్యతిరేకత అందుకు ఒక కారణం. అయినా అక్కడ నాటిన బీజమే ‘సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్’ అనే అంతర్జాతీయ సేవాసంస్థగా పెరిగింది. మాటలు కాదు, చేతలు కావాలన్నది దాని నినాదం.

గాంధీజీ 1931లో స్విట్జర్లాండు వెళ్ళినప్పుడు సెరెసోల్‌కు ఆయనతో పరిచయం కలిగింది. బీహారు భూకంప వార్త విని, 1934లో ఆయన భారతదేశం వచ్చాడు. అప్పటినుండి 1937 వరకు కొద్దిమంది యూరోపియన్ సహచరులతో కలిసి ముజఫర్‌పూర్ ప్రాంతంలో పనిచేశాడు. భూకంపంవల్ల నేల మట్టం మారిన పల్లెలకు వరదల బెడద పెరిగింది. అటువంటి గ్రామాలకు ఎత్తైన స్థలంలో కొత్త ఇళ్ళు కట్టడం వారు చేపట్టిన పని. ఆయన ఒకవైపు ఆంగ్ల ప్రభుత్వాధికారులతోను, మరొకవైపు రాజేంద్రప్రసాద్ ప్రభృతులతోను స్నేహం నిలుపుకున్నాడు. చదువుకున్నవాడు మట్టితట్ట ఎత్తడం చిన్నతనమని తలచే సమాజంలో, దేశాధ్యక్షుని కుమారుడు పార చేతబట్టడమే ఒక ఉపన్యాసం వంటిది.

సెరెసోల్ మతప్రచారకునిగా రాలేదు. ఆయన సంస్థలో చేరడానికి ఫలానా మతం వారై ఉండాలన్న నియమం లేదు. తన విశ్వాసం తనను పంపిందని ఆయన దాచలేదు. అదే విశ్వాసాన్ని ఇంటికి వెలగా అడగనూలేదు. ధార్మిక సేవకు ఇంతకన్న స్పష్టమైన కొలత మరొకటి దొరకదు.

1977: దివిసీమ

మన రాష్ట్ర ప్రజలకు ఈ విషయం దూరదేశపు ముచ్చట కాదు. 1977 నవంబరు 19న బంగాళాఖాతంలో పుట్టిన తుపాను కృష్ణా, గుంటూరు జిల్లాల తీరాన్ని తాకింది. దానితో లేచిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున దివిసీమపై విరుచుకుపడి, కిలోమీటర్ల కొలదీ లోపలికి చొచ్చుకువచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పల్లెలు ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. మృతుల సంఖ్య సుమారు పదివేలు. మట్టిగోడలు, తాటాకు కప్పులు గల ఇళ్ళు ఆ నీటి ముందు నిలిచే ప్రసక్తే లేదు.

ఆ విషాదంలో దేశంలోని ధార్మిక సంస్థలెన్నో దివిసీమకు తరలివచ్చాయి. రామకృష్ణ మిషన్ సన్యాసులు, దేశ విభజన కాలంలో 1947లో ఏర్పడిన క్రైస్తవ సేవాసంస్థ ‘కాసా’ కార్యకర్తలు పునరావాసంలో పాల్గొన్నారు. దేవుడే లేడని బోధించే గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలుకూడా అదే బురదలో దిగి పనిచేశారు. ఆస్తికుడూ, నాస్తికుడూ దేవుని విషయం తేల్చుకోకుండానే ఒకే నేలమీద, ఒకే పని చేసిన సందర్భమిది. సమైక్యత అంటే అందరూ ఒకే విధంగా నమ్మడమని భావించేవారు ఈ దృశ్యాన్ని గుర్తుంచుకోవాలి.

దివిసీమ మరొక విషయం నేర్పింది. ఇంటిని గట్టిగా కట్టడం ఎంత అవసరమో, ఇల్లు నిలువలేని రాత్రి మనుషులు తలదాచుకొనే చోటు ఉండడమూ అంతే అవసరం. 1977 తరువాత తీరగ్రామాలలో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు తుపాను రక్షిత భవనాలు నిర్మించాయి. ‘కాసా’ ఇందులో ముఖ్యపాత్ర వహించింది. ఇటువంటి భవనాలు మామూలు రోజులలో బడిగానో, సామూహిక కార్యాలకో ఉపయోగపడతాయి. ఏటా వాడుకలో ఉండే భవనమే పదేళ్ళకోసారి వచ్చే ప్రమాదంలో తాళం తీసి సిద్ధంగా ఉంటుంది. 1990 మే 9న ఇంచుమించు అంతే తీవ్రమైన తుపాను అదే తీరాన్ని తాకినప్పుడు, ముందస్తు హెచ్చరికలతో ఆరు లక్షలకు పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వేయికి లోబడి ఉన్నది. ఒక్క ప్రాణమైనా పోకూడదనుకుంటే ఇది చిన్న సంఖ్య కాదు. అయినా 1977తో పోల్చి చూస్తే, సన్నద్ధత ఎంతటి రక్షకమో తెలుస్తుంది.

2001: కచ్ – ఎవరి ఇల్లు, ఎవరి నమూనా?

2001 జనవరి 26 ఉదయం, దేశమంతా గణతంత్ర దినోత్సవం జరుపుకొంటున్న వేళ, గుజరాత్‌లోని కచ్ జిల్లాను పెను భూకంపం తాకింది. సుమారు 13,800 మంది మరణించారు. రెండు లక్షలకు పైగా ఇళ్ళు పూర్తిగా కూలిపోయాయి. ఆ ప్రాంతపు ఇళ్ళలో చాలాభాగం చెక్కని బండరాళ్ళను మట్టితో పేర్చి కట్టినవి. గోడ లోపలి వరుస, బయటి వరుస ఒకదానినొకటి పట్టి ఉంచేలా అడ్డంగా పొడవాటి రాళ్ళు వేయకపోతే, భూమి కదిలినప్పుడు అవి విడిపోయి లోపలివారిపై కూలుతాయి. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాలలో నిద్రలో ఉన్న వేలమందిని బలిగొన్నది ఇటువంటి రాతిగోడలే. కచ్‌లో బన్నీ ప్రాంతపు పశుపాలకులు తరతరాలుగా కట్టుకుంటున్న ‘భుంగా’ అనే గుండ్రని మట్టి ఇళ్ళు మాత్రం చాలావరకు నిలిచాయి. గుండ్రని గోడకు విడిపోయే మూలలు ఉండవు. దానిపై తేలికైన గడ్డికప్పు ఉంటుంది. పల్లె ప్రజల పాత తెలివిలో ఎంత శాస్త్రమున్నదో భూకంపమే పరీక్షించి చూపింది.

కచ్ సహాయరంగంలో స్వామినారాయణ సంప్రదాయ సంస్థలు, రామకృష్ణ మిషన్, జమీయత్ ఉలమా-ఎ-హింద్, కారిటాస్ ఇండియా మొదలైనవన్నీ కనిపించాయి. అయితే పునర్నిర్మాణం మొదలయ్యేసరికి కీలకమైన ప్రశ్న ఎదురైంది. సంస్థలు గ్రామాన్ని దత్తత తీసుకొని, తమ నమూనా ప్రకారం ఇళ్ళన్నీ కట్టి తాళంచెవులు ఇవ్వాలా? లేక కుటుంబానికి ధనమూ, సాంకేతిక సలహా ఇచ్చి తన ఇల్లు తననే కట్టుకోనివ్వాలా?

దత్తత పద్ధతిలో పని త్వరగా సాగుతుంది. దాతకు చూపడానికి వరుస ఇళ్ళు ఉంటాయి. కాని ఊరిని పాతచోటు నుండి తరలించడానికి అనేక గ్రామాల ప్రజలు సమ్మతించలేదు. తమ పొలాలు, దైవస్థానాలు, సమాధులు, బావులు పాతచోటనే ఉన్నాయి. చివరకు గుజరాత్ ప్రభుత్వం ఎక్కువ కుటుంబాలకు విడతల వారీగా ఆర్థిక సహాయమిచ్చి, ఒక్కొక్క దశలో ఇంజనీర్లచే నాణ్యత పరీక్షింపజేసి, తరువాతి విడత విడుదల చేసింది. వేలమంది తాపీమేస్త్రీలకు భూకంపాన్ని తట్టుకొనే నిర్మాణంలో శిక్షణ లభించింది. తలుపులు, కిటికీల పైభాగాన ఇల్లంతా చుట్టివచ్చే కాంక్రీటు పట్టీ, మూలలలో నిలువుగా పాతిన ఇనుపకడ్డీ అన్నవి పల్లె మేస్త్రీల నిత్యభాషలోకి వచ్చాయి. తమ ఇల్లు తాము కట్టుకున్న కుటుంబాలలోనే తృప్తి ఎక్కువగా ఉన్నట్లు తరువాతి పరిశీలనలు తెలిపాయి.

ధార్మిక సేవకునికి ఇందులో గొప్ప పాఠమున్నది. ఎంత భక్తితో కట్టినా, సిమెంటు గోడకు కావలసినన్ని రోజులు నీరు తడపకపోతే అది నిలువదు. ప్రార్థన మేస్త్రీ పనికి ప్రత్యామ్నాయం కాదు. కాబట్టి సేవకుడు మొదట మేస్త్రీకి శిష్యుడు కావాలి. అంతకుముందే గృహిణిని, పొయ్యి ఎక్కడ ఉండాలి, నీళ్ళ తొట్టె ఎక్కడ ఉండాలి, పశువును ఎక్కడ కట్టాలి అని అడిగి తెలుసుకోవాలి.

2004: కడలి ఒడ్డున

అడగకుండా చేసిన మేలు ఎలా పరిణమిస్తుందో సునామీ తరువాత తెలిసింది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తమిళనాడులో నాగపట్నం జిల్లాను అన్నిటికన్న ఎక్కువగా దెబ్బతీసింది. మాతా అమృతానందమయి మఠం, క్రైస్తవ సంస్థలు, ఇతర ధార్మిక సంస్థలు తీరమంతటా వేలకొలది ఇళ్ళు నిర్మించాయి. ప్రభుత్వం భూమి సమకూర్చింది. ఇంటి హక్కుపత్రాన్ని భార్యాభర్తల ఇద్దరి పేర వ్రాయాలన్న నిబంధన హర్షించదగినది.

అయినా కొన్ని గ్రామాలలో కొత్త కాలనీలకు స్థలం కోసం, ఇంకా నివాసయోగ్యంగా ఉన్న పాత ఇళ్ళనే పడగొట్టారు. నీడనిచ్చే చెట్లను నరికివేశారు. తాటాకు కప్పు, మట్టి అరుగు ఉన్న ఇల్లు పేదరికానికి గుర్తని, కాంక్రీటు డబ్బా అభివృద్ధికి గుర్తని నిర్మాతలు భావించారు. మత్స్యకారుల పగటి జీవితమంతా చెట్టునీడలోనే నడుస్తుంది. వలలు బాగుచేసుకోవడం, చేపల బేరం, పిల్లల ఆటలు అక్కడే. నీడ పోయాక, ఎండకు కాగే కాంక్రీటు కప్పు కింద వారికి మకాన్ దొరికింది, ఘర్ దూరమైంది.

ఇంతకన్న బాధాకరమైన విషయం మరొకటున్నది. తీరగ్రామాల పక్కన నివసించే దళిత కుటుంబాలకు సహాయశిబిరాలలోను, పంపిణీలోను వివక్ష ఎదురైనట్లు అనేక నివేదికలు వెల్లడించాయి. సముద్రం కులం అడగలేదు. శిబిరంలో అన్నం వరుస అడిగింది. సహాయసంస్థలు గ్రామపెద్దల ద్వారా జాబితాలు తయారుచేసుకుంటే, ఆ పెద్దల దృష్టిలో లేనివారు జాబితాలోనూ ఉండరు. సేవకుడు దురుద్దేశంతో ఎవరినీ విడిచిపెట్టకపోవచ్చు. ఊరి చివరి వాడకు తన కాళ్ళతో నడిచి వెళ్ళకపోవడమే చాలు, అన్యాయం జరిగిపోతుంది.

సేవకు షరతు ఉండవచ్చునా?

ధార్మిక సంస్థలకు సహజమైన బలాలున్నాయి. వాటి సభ్యులు దేశమంతటా వ్యాపించి ఉంటారు. పిలిస్తే జీతం లేకుండా వస్తారు. పత్రికలలో వార్త పాతబడినాక, మొదటి నెల ఉత్సాహం చల్లారినాక, ఇల్లు పూర్తయ్యేందుకు పట్టే రెండు మూడేళ్ళూ ఓపికతో నిలిచేవారు సన్యాసులూ, సన్యాసినులూ, ఆశ్రమవాసులే తరచుగా అవుతారు. బిడ్డను కోల్పోయిన తల్లి పక్కన మౌనంగా కూర్చోవడం ఇంజనీరు నమూనాలో ఉండదు. అది వారు ఎరిగిన విద్య.

వారి ప్రమాదం కూడా ఈ బలంనుండే పుడుతుంది. తమవారికే ముందుగా ఇవ్వాలన్న పక్షపాతం, ఇల్లు ఇచ్చి మనసు అడిగే ప్రలోభం, కొత్త ఊరికి తమ గురువు పేరో, దేవుని పేరో పెట్టి ఆ ఊరు తమదని చాటుకొనే ఉబలాటం, ఒకే కులానికో మతానికో ప్రత్యేకంగా కాలనీ కట్టి పాత ఊరిలో కలిసి ఉన్నవారిని విడదీయడం, ఇవన్నీ అప్పుడప్పుడు, అక్కడక్కడ జరిగినవే. ఏ మతసంస్థా ఈ ప్రలోభాలకు అతీతం కాదు.

ఈ సంగతి గ్రహించిన రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ ఉద్యమం, కారిటాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ఇతర సంస్థలు కలిసి 1994లో ఒక ప్రవర్తనా నియమావళిని రూపొందించాయి. సహాయం అవసరాన్నిబట్టి మాత్రమే ఇవ్వాలి. దానిని మత, రాజకీయ భావప్రచారానికి సాధనం చేయరాదు. కార్యక్రమ నిర్వహణలో బాధితులకు భాగస్వామ్యం కల్పించాలి. ప్రచార చిత్రాలలో వారిని దీనులుగా గాక గౌరవనీయ వ్యక్తులుగా చూపాలి. దాతలకెంతో, గ్రహీతలకూ అంతే జవాబుదారీ వహించాలి. ఇవి అందులోని ముఖ్యాంశాలు. ధార్మిక సంస్థలే స్వయంగా ఈ కట్టుబాటుకు అంగీకరించాయన్నది గమనించదగిన విషయం.

మన దేశంలో ఈ సూత్రానికి చట్టబలం కూడా ఉన్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 61వ విభాగం, నష్టపరిహారం, సహాయం అందించడంలో లింగ, కుల, సమాజ, వంశ, మత భేదాలు పాటించరాదని నిషేధించింది. అఖండానందకు వివేకానంద వ్రాసిన లేఖలోని స్ఫూర్తి శతాబ్దం గడిచాక శాసనమై నిలిచిందనుకోవచ్చు.

ముగింపు

పైన పేర్కొన్న ఘట్టాలన్నిటినీ కలిపి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. విశ్వాసం మనిషిని ఇంటినుండి బయలుదేరదీయగలదు, రాళ్ళు మోయించగలదు, అలసటను మరపించగలదు. ఇంతవరకే దాని పని. ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి, ఎవరి పేర వ్రాయాలి అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు మాట్లాడవలసింది ఆ ఇంట ఉండబోయేవారు, వారి పక్కన మేస్త్రీ, ఇంజనీరు, చట్టం. సేవకుడు అక్కడ మౌనం వహించి, తట్ట అందుకోవాలి. ఈ క్రమం తప్పినప్పుడు మంచి మనసుతో కట్టిన ఇళ్ళుకూడా వెలవెలబోయాయి.

విద్యార్థులు ఈ విషయాన్ని పుస్తకానికే పరిమితం చేయనవసరం లేదు. మన తీరప్రాంతాలలోను, గోదావరి, కృష్ణా పరీవాహక గ్రామాలలోను తుపాను తరువాత, వరద తరువాత వెలసిన కాలనీలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక్క కాలనీకి వెళ్ళి, అక్కడి వృద్ధులను కలుసుకొని, ఈ ఇల్లు ఎవరు కట్టారు, కట్టేటప్పుడు మిమ్మల్ని అడిగారా, తరువాత మీరేం మార్చుకున్నారు అని ప్రశ్నిస్తే, ఈ వ్యాసంలో చెప్పలేకపోయిన సంగతులెన్నో తెలుస్తాయి. ఇంటివారు తాము కట్టుకున్న అరుగు, తాము నాటుకున్న మునగచెట్టు, తాము వేసుకున్న పందిరి చూపుతారు. కట్టడం ఇల్లుగా మారిన కథ అక్కడ చదువుకోవచ్చు.

భూకంపాలు, తుపానులు ఇకముందు కూడా వస్తాయి. వాటిని ఆపే శక్తి ఏ మతానికీ లేదు, ఏ ప్రభుత్వానికీ లేదు. పడిన గోడను ఎవరితో కలిసి లేపుతామన్నది మాత్రం మన చేతిలోనే ఉన్నది. ఆలయంనుండి వచ్చినవాడూ, మసీదునుండి వచ్చినవాడూ, చర్చినుండి వచ్చినవాడూ, ఏ దేవునీ కొలవనివాడూ ఒకే వరుసలో నిలిచి ఇటుకలు అందించుకొన్నచోట, ఆ ఇటుక ఎవరి చేతినుండి వచ్చిందో గోడకు తెలియదు. ఆ గోడ నీడలో పెరిగే బిడ్డకు తెలియవలసినదల్లా తన ఊరిని నిలబెట్టడానికి చాలామంది వచ్చారన్న సంగతే.